ఎడమ కాలు, ఎర్ర సైకిల్

ఆ సాయంత్రం దుకాణం నుంచి ఆటో అడ్డా దాకా ఒక్క చెప్పుతోనే నడిచి వచ్చాను. ఆ సంగతి నాకు తెలియనే లేదు. రోజూ నాతో ఆటోలో వచ్చే సుజాత చూసి, "అక్కా, ఎడమ కాలి చెప్పు ఎవలకు దానం జేసినవ్?" అని నవ్వింది. కిందికి చూసుకున్నాను. ఎడమ కాలు వట్టిగా దుమ్ములో ఉంది. కంకర తేలిన రోడ్డు మీద అంత దూరం నడిచినా ఒక్క రాయి గుచ్చుకున్నట్టు అనిపించలేదు. ఇద్దరం నవ్వుకుంటూ వెనక్కి పోయి, మిర్చి బండి పక్కన పడివున్న చెప్పు తెచ్చుకున్నాం. ఆటోలో కూర్చున్నాక మాత్రం కుచ్చిళ్ల చాటున కాలు గట్టిగా గిల్లి చూసుకున్నాను. ఏమీ తెలియలేదు.

నేను బోధన్‌లో ఒక చీరల దుకాణంలో పనిచేస్తాను. మా ఊరు అక్కడికి ఐదారు కిలోమీటర్లు. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు. పిల్లలు లేరు. శుక్రవారం ఫోన్ చేసినప్పుడు కాలి సంగతి చెప్తే, "నేనొచ్చినంక నిజామాబాద్ల సూపిద్దాం. ఒక్కదానివి యాడ తిరుగుతవ్?" అన్నాడు. మా దిక్కు ఆడమనిషి ఒక్కతే దవాఖానకు పోతే, పాపం ఎవరూ లేరేమో అనుకుంటారు. కాన్పుకైనా జ్వరానికైనా పక్కన ఒకరుండాలి. నేనూ అట్లా పెరిగినదాన్నే కాబట్టి ఆగాను. సుజాతను ఒకసారి రమ్మని అడిగాను. సెలవు దొరకలేదంది. మళ్లీ అడగడానికి మొహమాటపడ్డాను.

మోకాలి కింద అరచేయంత మచ్చ ఒకటి ఉండేది, చుట్టూ ఉన్న చర్మం కంటే కొంచెం తెల్లగా. నొప్పి లేదు, దురద లేదు. నొప్పి లేనిదాన్ని రోగమని ఎవరనుకుంటారు? ఐదో నెలకు పాదం ముందుకు వాలడం మొదలైంది. నడుస్తుంటే వేళ్లు నేలకు తగిలేవి. అయినా ఆగాను.

మా దుకాణంలో తెల్ల పరుపుల మీద చీరలు పరిచి చూపిస్తాం. అందరం చెప్పులు బయటే విడవాలి. ఎనిమిదో నెలలో ఒకరోజు పెళ్లి చీరలు చూపిస్తుంటే, కొనడానికి వచ్చినామె, "అమ్మో, పరుపు మీద రక్తం!" అంది. ఎవరి కాలో అని అందరం వెతుక్కున్నాం. నాదే. చీరకు గుచ్చే గుండుసూది ఒకటి అరికాల్లో తల దాకా దిగి ఉంది. పొద్దున్నుంచి దాని మీదే నిలబడి ఉన్నానన్నమాట.

అదే నెలలో మా ఆయన సెలవు మీద వచ్చాడు. నిజామాబాద్‌లో చూసిన డాక్టర్ మమ్మల్ని డిచ్‌పల్లి దవాఖానకు పంపాడు. అక్కడ డాక్టరమ్మ నన్ను కళ్లు మూసుకోమని, "పెన్ను తగిలినప్పుడల్లా చెప్పు" అంది. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుని నేను చెప్పకుండా కూర్చున్నాను. కళ్లు తెరిచేసరికి కాలి నిండా సిరా చుక్కలున్నాయి.

చర్మం కొంచెం గీరి స్కిన్ స్మియర్ పరీక్షకు తీశారు. రిపోర్ట్ చూసి డాక్టరమ్మ, "హాన్సెన్స్. కుష్ఠు అంటరు గదా, గదే. ఎండీటీ టాబ్లెట్లతోని పూర్తిగా తగ్గుతది. మందు షురువైతే నీ నుంచి ఎవ్వరికీ అంటదు" అంది. మా ఆయన తన కుర్చీ కొంచెం అటు జరిపాడు. తర్వాత తనకే తట్టినట్టుంది, మళ్లీ ఇటు జరిపాడు. నాకు మాత్రం మొదట జరిపిందే గుర్తుండిపోయింది.

కాలు మాట అడిగాను. "దీన్ని ఫుట్ డ్రాప్ అంటం. కాలు మొద్దుబారిన ఆరు నెలల లోపల వస్తే స్టెరాయిడ్‌తోని నర్వ్ మళ్ల పనిజేసేది కావచ్చు. ఇప్పుడు గూడ ఇస్తం గని, ఎక్కువ ఆశ పెట్టుకోకు" అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆరోజు తెలిసింది.

మా ఆయన మస్కట్ తిరిగి పోయాడు. ఏడాది పాటు టాబ్లెట్లు మింగాను. ఆ మందుకు ఒళ్లు నల్లబడింది. దుకాణంలో మా సేటు నన్ను పనిలోంచి తీసెయ్యలేదు. మెత్తటి రబ్బరు వేసిన ఎంసీఆర్ చెప్పులు లేకుండా నిలబడకూడదని డాక్టరమ్మ చెప్పిందంటే, నన్ను పై అంతస్తుకు మార్చాడు. అక్కడ పరుపు లేదు, చెప్పులతో ఉండొచ్చు. కొనేవాళ్లూ లేరు. రోజంతా చీరలు మడతపెట్టడమే. కింద బేరాలు, నవ్వులు వినపడేవి.

ఊళ్లో ఎట్లా తెలిసిందో తెలియదు. ఒకరోజు ఆటో ఎక్కబోతుంటే సుజాత తన పక్కన సంచి పెట్టి, "సీటు లేదక్కా, ఎన్క ఆటోల రా" అంది. వెనక ఆటోలో కూడా సీటు లేదు. కోపమొచ్చి నడిచాను. మర్నాడూ నడిచాను. పదిహేను రోజులకు అరికాల్లో అల్సర్ పడింది.

"ఎవరి మీది కోపాన్ని కాలి మీద తీసినవ్?" అని డాక్టరమ్మ కేకలేసింది. ఆరు వారాలు ప్లాస్టర్ వేసి ఇంట్లో కూర్చోబెట్టారు. ఆ ఆరు వారాల్లో మా ఇంటికి వచ్చిన మనుషులను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఏడ్చాను. ఏడ్చానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గు లేదు. పుండు మానాక డాక్టరమ్మ, "దూరం నడవకు. సైకిల్ కొనుక్కో. బరువు సీటు మీద పడ్తది, పాదం మీద పడదు" అంది.

బోధన్‌లో ఒక ముసలి చాచా సైకిళ్లు బాగుచేసి అమ్ముతాడు. కాలు నరం దెబ్బతిన్నదని మాత్రమే చెప్పాను. రెండేళ్లుగా అందరూ ఏ కాలు పోయిందని అడిగేవాళ్లే. ఆయన, "మంచి కాలేది బేటీ?" అని అడిగాడు. కుడిదన్నాను. "అయితే దిగుడు, ఆగుడు, అన్నీ దాని మీదనే." మెరిసే గేర్ల సైకిల్ మీద నా కన్ను పడింది. వద్దన్నాడు. ముందు కడ్డీ లేని పాత ఎర్ర లేడీస్ సైకిల్ తీసి, కూర్చుంటే కుడి పాదం పూర్తిగా నేలకు ఆనేదాకా సీటు దించాడు. పళ్లున్న ఇనుప పెడల్ తీసేసి వెడల్పాటి రబ్బరు పెడల్ బిగించాడు. ఎడమ పెడల్‌కు వేళ్లు జారకుండా తోలుపట్టీ వేశాడు. డాక్టరమ్మ చెప్పినట్టు, కాలు సులువుగా బయటికి వచ్చేంత వదులుగా.

నేర్చుకునేటప్పుడు నాలుగుసార్లు పడ్డాను. ఎడమ కాలు పెడల్ మీద ఉందో జారిందో తెలియదు కదా, వంగి చూసుకోవాలి. చూసుకుంటే ముందున్న గుంత కనపడదు. నెలకు అలవాటైంది. ఇప్పుడు కాలువ గట్టు మీద మెల్లగా పోతాను. చెరకు ట్రాక్టర్ వస్తే ముందే ఆగి కుడి కాలు ఆనిస్తాను. ఇంటికొచ్చాక, తెలియకుండా ఏమన్నా గుచ్చుకుందేమోనని అరికాలు అద్దంలో చూసుకుంటాను. రోజూ ఆ ఆటో నన్ను దాటి పోతుంది. వాళ్లు నన్ను చూసి నవ్వుతున్నారని కాదు. నేను లేకుండా కూడా నవ్వుకుంటున్నారు, అదీ నా బాధ.

మొన్న ఎండాకాలం ఒక ఆదివారం సుజాత మా ఇంటికి వచ్చింది. తలుపు వేసి, జాకెట్ చెయ్యి పైకి జరిపింది. మచ్చ. "పది దినాలైతుంది అక్కా. గిల్లితే ఎరుకైతలేదు. మా ఆయనకు చెప్పలె. చేన్ల పసుపు పని అయినంక తీస్కపొమ్మందామనుకుంటున్న." నాలో ఒక మూల, ఈమెకు మంచిగైంది అనుకుంది. దాచను. నోరు మాత్రం, "రేపే పోదాం, నేనొస్త" అంది.

మర్నాడు ఆమె ఆటోలో, నేను సైకిల్ మీద బోధన్ చేరాం. నిజామాబాద్ బస్సులో ఆమె ముందు సీట్లో, నేను వెనక సీట్లో, ఎరగనట్టు కూర్చున్నాం. నిజామాబాద్‌లో దిగి ఎక్కిన డిచ్‌పల్లి బస్సులో, చుట్టూ చూసి, సంచి ఒళ్లో పెట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది.

ఆమెకు స్మియర్ నెగటివ్, క్రిములు కనపడలేదు; అయినా మచ్చ మొద్దుబారింది కాబట్టి మందు తప్పదన్నారు. ఆరు నెలల మందు. నరాలన్నీ బాగున్నాయన్నారు. ఊళ్లో ఆమె ఇప్పటికీ ఆటోలోనే పోతుంది, నన్ను చూసి తల తిప్పుకుంటుంది. నెలకోసారి మందులకు పోయేటప్పుడు మాత్రం ఆ రెండో బస్సులో నా పక్కన కూర్చుంటుంది.

చదివేవాళ్లకు ఒక్క మాట. గిల్లితే తెలియని మచ్చ ఉంటే ఆ వారమే దవాఖానకు పోండి. ఎవరన్నా తోడు వస్తామంటే సరే, ఎవరూ రాకపోతే ఒక్కరే పోండి. తోడు కోసం నేను ఎనిమిది నెలలు ఆగాను. ఇప్పుడు రోజూ పనికి ఒక్కదాన్నే పోతున్నాను, ఒక్క మంచి కాలితో.