సత్తయ్య మాస్టారి రాతితీరం

గురువారం ఉదయం బ్యాంకులో పనిలో ఉండగా ఫోన్ వచ్చింది. నా గురువు, చిత్రకారులు సత్తయ్య మాస్టారు ఇక లేరన్నారు. ముందురోజు సాయంత్రమే నాతో మాట్లాడిన మనిషి. కొత్త తైలవర్ణ చిత్రం పూర్తయింది, ఆదివారం వచ్చి చూడమన్నారు. తెల్లవారి చాయ్ తాగి, ఆ చిత్రం ఎదుటే కుర్చీలో కూర్చుని అలాగే ఒరిగిపోయారట. నాలుగు రోజులైనా ఈ హఠాన్మరణాన్ని నా మనసు స్వీకరించడం లేదు. నిన్న ఆదివారం, అలవాటుగా కుంచెలు సంచిలో సర్దుకుని బయల్దేరాను. గుమ్మం దాటాక గుర్తొచ్చి, వెనక్కి వచ్చి సంచి దించాను.

మాస్టారు సిరిసిల్ల ప్రాంతపు నేత కుటుంబంలో జన్మించి, యౌవనంలోనే సూరత్ చేరారు. అక్కడి ఖటోదరా ప్రాంతంలో ఒక చీరల మిల్లులో డిజైన్లు గీసేవారు. ముప్పై ఏళ్లపాటు ఆయన చేతి లతలూ పుష్పాలూ ఎందరి పైటల మీదనో విరిశాయి. ఏ చీర మీదా ఆయన పేరుండేది కాదు.

ఆ తర్వాత కుడిచేతికి వణుకు పట్టుకుంది. సన్నని గీత వంకరపోసాగింది. మిల్లువాళ్లు మర్యాదగానే ఇంటికి పంపారు. ఏడాదిపాటు ఆయన కుంచె ముట్టలేదు. సహధర్మచారిణి రాజవ్వ గారే పట్టుబట్టి, మనసు మళ్లుతుందని డయ్యూ సముద్రతీరానికి తీసుకెళ్లారు. అక్కడ రాళ్ల మీద అలలు బద్దలవుతుంటే చూస్తూ, మాస్టారు మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదట.

తిరిగివచ్చాక కుంచె మానేసి, రంగు మెత్తే కత్తి పట్టారు. నేను శిష్యరికంలో చేరింది అప్పుడే. వణికే చేతితో ముద్దలు ముద్దలుగా రంగు పెడుతుంటే శిలలు గరుగ్గా, తడిగా, ఉగ్రంగా లేచి నిలిచేవి. చెయ్యి పట్టుకోనా అని ఒకసారి అడిగాను.

"వద్దు బిడ్డా. పువ్వుకైతే ఈ చెయ్యి పనికిరాదు. రాయికి సరిపోతది" అన్నారు.

అప్పట్నుంచి ఆ తీరాన్నే పదేపదే చిత్రించారు. ఒక బట్టల వ్యాపారి కొత్త బంగళా కోసం ఒకటి కొనడానికి వచ్చి, సూర్యోదయమూ ఓ తెరచాప పడవా కలపమన్నాడు. మాస్టారు ఆయనకు చాయ్ ఇప్పించి, తాను చూసిన రోజు మబ్బు పట్టి ఉందని, పడవేదీ లేదని వినయంగా చెప్పి పంపేశారు. రాజవ్వ గారు రెండు రోజులు అలిగారు. ఆయన మాత్రం ఆ చిత్రంలో ఒక్క గీత మార్చలేదు.

ఎలాగో నిన్న వాళ్లింటికి వెళ్లాను. గదిలో ఇంకా నూనెరంగుల వాసన. ఆ చివరి చిత్రం ముందు రాజవ్వ గారు చాప మీద కూర్చుని ఉన్నారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగారు.

"ఈ రాళ్లల్ల నన్ను కూసోవెట్టిన అన్నడు బిడ్డా. యాడ అంటే చూపిస్త అన్నడు. చూపియ్యకనే పాయె. నీకేమన్న కనవడ్తుందా?"

చాలాసేపు వెతికాను. పెద్ద బండ నీడలో గోధుమవర్ణపు మచ్చ ఒకటి ఉంది. అది ఆమె కావచ్చు. మరో రాయి కావచ్చు. తెలియదమ్మా అన్నాను.

మాస్టారూ, మీ పాదాలకు నమస్కరిస్తున్నాను. ఆమెకు జవాబు చెప్పగలవాళ్లు మాలో ఎవరూ లేరు.