రెండేళ్ళు ముందే వెళ్ళిన ఇంటర్వ్యూ

ఉద్యోగానికి మరీ తొందరపడితే మనిషి పరువు ఎంత చక్కగా పోతుందో నా కథ వింటే తెలుస్తుంది. తలచుకుంటే ఇప్పటికీ నవ్వుకంటే ముందు నాకు కోపమే వస్తుంది. తప్పు నా ఒక్కదానిదే కాదని మీరే ఒప్పుకుంటారు.

తిరుపతిలో బీకాంలో చేరిన కొత్త. హాస్టల్లో పక్క మంచం సుజాతక్కది. ఆమెది ఆఖరి సంవత్సరం.

"ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టినావా మే?" అంది ఒకరోజు.

"ఇంకా లేదక్కా."

"ఏందబ్బా నువ్వు! పరీక్షలైనాక పెడితే ఏం మిగిలుంటాది? ఇప్పుడే పెట్టు!"

ఆమె గొంతు వింటే ఉద్యోగాలన్నీ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోతున్నాయనిపించింది. కనబడిన ప్రతి ప్రకటనకూ దరఖాస్తు పంపాను. చదువు బీకాం అని రాశాను. ఏ సంవత్సరమని వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. అడగకపోవడం ఎవరి తప్పండీ?

ఒక ప్రైవేటు ఆసుపత్రి లెక్కల విభాగం నుంచి పిలుపొచ్చింది. మా ఊరు వడమాలపేట నుంచి నాయన తెల్లచొక్కా వేసుకుని బస్సెక్కి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. నేను సుజాతక్క చీర కట్టుకుని, పెళ్ళిపీటల మీదికి వెళుతున్నంత గంభీరంగా లోపలికి నడిచాను.

"డిగ్రీ ఎప్పుడైందమ్మా?" అన్నాడు మేనేజరు.

"అవతాది సార్."

"అదే, ఎప్పుడు?"

"ఇంకా రెండేళ్ళు పైనే ఉండాది."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మరి ఇప్పుడెందుకొచ్చినావు?"

"ముందే పెట్టుకోమన్నారు సార్."

"ముందే అంటే? అలిపిరిలో చెప్పులిప్పకముందే లడ్డు అడిగినట్టుండాదే! ఆఖరి సంవత్సరం మొదలైనప్పుడు రామ్మా."

గదిలో అందరూ నవ్వారు. పిలిచిందీ వాళ్ళే, నవ్విందీ వాళ్ళే!

గేటు దగ్గర నాయన ఎదురొచ్చాడు. "ఎప్పుడు రమ్మన్నారు పాపా?"

"రెండేళ్ళయినాక నాయనా."

"అంతవరకు నీకోసరం కుర్చీ అట్లే పెట్టుకోనుంటారా? ఎంత మంచోళ్ళబ్బా!"

నేను నోరు తెరిచేలోగా ఫోనులో మా పెద్దమ్మకు చెప్పేశాడు. సాయంత్రానికల్లా ఊరి దృష్టిలో నేను ఉద్యోగస్తురాలినైపోయాను. ఆ మాట సరిచేయడానికి నాకు డిగ్రీ అంతా పట్టింది.

ఉడికిపోతూ హాస్టలుకొచ్చి సుజాతక్క మీద విరుచుకుపడ్డాను. "మొదటి సంవత్సరం పిల్లను ఉద్యోగాలకు పెట్టమంటావా అక్కా?"

ఆమె నోరెళ్ళబెట్టింది. "నువ్వు మొదటి సంవత్సరమా? మొహం చూసి నా ఈడుదానివనుకున్నా గదమే! అక్కా అంటా ఉంటే మర్యాదేమో అనుకున్నా."

ఆ క్షణమే ఏడుకొండలవైపు తిరిగి చేతులెత్తి ప్రమాణం చేశాను: ఆఖరి సంవత్సరం మొదలయ్యేదాకా దరఖాస్తు ముట్టను. ఇక ఎవరు సలహా చెప్పబోయినా, ముందు నా వయసు చెప్పి, వాళ్ళు నమ్మాకే వింటాను!