స్టార్టర్ పెట్టె మూత

ఈ మాట ఏళ్ళ తరబడి నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగుడు పడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలీదు. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం లేదు కాబట్టే మీకు చెబుతున్నాను.

గుడివాడలో ఒక ఇంజనీరింగ్ షెడ్డులో పనిచేస్తాను. రైసు మిల్లుల షాఫ్టులూ, రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లకు కావలసిన కడ్డీలూ కోసి ఇస్తాం. యజమానిని అందరం మావయ్యగారు అంటాం, ఎవరికీ చుట్టం కాకపోయినా. మా దగ్గర ఒక పద్ధతుంది. దసరాకి ఆయుధపూజ అయ్యాక ఆయన ఇనుము కోసే మిషనుకి కొత్త బ్లేడు తెచ్చి ఒకడి చేతిలో పెడతారు. ఆ ఏడాదంతా మిషను వాడిదే. జీతం పెరగదు. అయినా ఆ బ్లేడు నా చేతికి రావాలని ఎంత తపించానో!

ఈసారి నాకే అనుకున్న ఏడాది అది రత్నం చేతికి వెళ్ళింది. అసలు పేరు అది కాదు లెండి. మొవ్వ నుంచి వచ్చాడు, నాకంటే చాలా వెనక చేరాడు. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని షెడ్డులో అందరూ నన్ను ఆటపట్టించారు. నేనూ నవ్వాను. లోపల కుతకుత ఉడికిపోయాను. చర్చికి వెళ్ళేవాడికి పూజ బ్లేడేమిటని గొణిగాను కూడా. అది భక్తా? కాదు, ఏడుపు. నా ఏడుపుకి దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాను.

వాడు కోస్తుంటే చూడముచ్చటగా ఉండేది. అదే నన్ను మరీ మండించేది. బ్లేడు బిగువు వేలితో మీటి చూసేవాడు. చప్పుడు కాస్త మారితే చాలు, మిషను ఆపి పళ్ళు తడిమేవాడు. గిరాకీ వస్తే మావయ్యగారు వాడు కోసిన ముక్కే తీసి చూపించేవారు. నేను కోసిన ముక్క ఒక్కటైనా చూపించారా? నాకు మిగిలింది కరెంటు పని. మోటారుకి కరెంటు అందించే స్టార్టర్ పెట్టె మూత నేను తప్ప ఎవరూ తియ్యకూడదు, అదీ మా పద్ధతే.

ఒకరోజు లావుపాటి షాఫ్టు కోస్తుంటే బ్లేడు మధ్యలో ఇరుక్కుని మోటారు మూలిగింది. రత్నం బ్లేడు మార్చాడు. వేగం తగ్గించాడు. కోతమీద పడే నీళ్ళు చూశాడు. కాసేపు బాగానే తిరిగి మళ్ళీ అదే మూలుగు. కొత్త బ్లేడు పళ్ళూ విరిగాయి. అప్పుడు నా దగ్గరికొచ్చాడు.

“అన్నా, బ్లేడులో ఏం కనపడట్లేదు. స్టార్టర్ ఒకసారి చూస్తావా?”

మూత తీశాను. మూడు వైర్లలో ఒకదాని స్క్రూ వదులైంది. మిషను అదురుకి అలా అవుతుంటుంది. ఆ వైరు ఆనకపోతే మోటారు మిగతా రెండింటిమీదా ఈడుస్తుంది, వేడెక్కుతుంది, చివరికి కాలిపోతుంది. నాకు తెలుసు. స్క్రూడ్రైవరు నా చేతిలోనే ఉంది.

మూత పెట్టేశాను.

“ఇక్కడంతా బానే ఉంది. నీ బ్లేడే చూసుకో.”

“నువ్వు చూశాక ఇంకేముందిలే అన్నా” అని మళ్ళీ బ్లేడు విప్పడానికి కూర్చున్నాడు.

స్క్రూ నేను విప్పలేదు కదా అని చాలాకాలం నన్ను నేను బుజ్జగించుకున్నాను. బిగించని చెయ్యి, విప్పిన చెయ్యి వేరా?

సాయంత్రానికి మోటారు కాలింది. స్టార్టర్ పాతది, దానంతటది ఆపలేకపోయింది. మావయ్యగారు మండిపడుతూ స్టార్టర్ ఎవరైనా చూశారా అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే రత్నం “అన్న చూశాడండి, అది బానే ఉందండి” అన్నాడు. నా అబద్ధానికి వాడే సాక్ష్యం చెప్పాడు. మోటారు విప్పేటప్పుడు ఎవరూ చూడకుండా ఆ స్క్రూ బిగించేశాను. బయటి లైన్లోనే ఒక ఫేజు కరెంటు పోయి ఉంటుందని అందరూ అన్నారు, మా వైపు అది మామూలే. మూలిగే మోటారుని ఆపకుండా ఎందుకు కోశావని నేరం రత్నం మీద పడింది. వాణ్ణి మిషను మీంచి తీసి ఇనుము మోసే పనిలో వేశారు. కొన్నాళ్ళు మోసి, దివిసీమ వెళ్ళిపోయాడు. రొయ్యల చెరువు దగ్గర కాపలా అట.

తర్వాతి దసరాకి బ్లేడు నా చేతికొచ్చింది. సంతోషించానా? సంతోషించాను. సిగ్గు లేకుండా.

మొన్న మచిలీపట్నం బస్టాండులో కనిపించాడు. టీ ఇప్పించాడు. అన్నా, ఆ రోజు బ్లేడులో నేను ఏం కనిపెట్టలేకపోయానో నీకేమైనా తట్టిందా అని అడిగాడు. ఇన్నేళ్ళూ తన తప్పేమిటో వెతుక్కుంటూనే ఉన్నాడు. చెప్పొద్దూ, అప్పుడు కూడా నాకు అసూయే పుట్టింది. చెయ్యని తప్పు వెతుక్కుంటూ కూడా వాడు నన్ను అనుమానించలేదు. అలాంటి మనసు నాకెందుకు లేదు? గుడివాడ బస్సు వచ్చింది. జవాబు చెప్పకుండా ఎక్కేశాను.

మీకు చెబితే వాడికి చెప్పినట్టు కాదు. తెలుసు. అయినా ఆ బస్టాండులో నోటికి రాని మాట ఇక్కడ రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

బ్లేడులో ఏమీ లేదు రత్నం. స్క్రూ వదులుగా ఉంది. నేను చూశాను.