పేరొద్దన్న క్యారేజీలు

మా వదిన కృష్ణవేణమ్మవి అక్కర్లేని ఆరాలని ఒడిశాలో మా బంధుగాం బజారంతా అనేది. నేనూ అనేవాణ్ణి. గిన్నె కొనడానికొచ్చిన మనిషిని ఎవరి పెళ్లికి, ఏ ఊరు అని అడక్కుండా పంపేది కాదు. స్టీలు సామాన్ల కొట్టు ఆవిడ చూసేది. మా అన్న మన్మథరావు గుమ్మంలో కూర్చుని, చిన్న ఉలితో, తెలుగైనా ఒడియా అయినా డబ్బు తీసుకోకుండా పేర్లు చెక్కేవాడు. పేరు లేకుండా గరిటె కూడా మా కొట్టు దాటేది కాదు.

రెండువేల నాలుగులో ఒక సాయంత్రం ఇద్దరు కుర్రాళ్లొచ్చి, మూతలు గట్టిగా బిగిసే పెద్ద క్యారేజీలన్నీ బేరమాడకుండా కొన్నారు. అన్న ఉలి తీస్తే పేరొద్దన్నారు. పెళ్లికా అని వదిన అడిగితే ఒకడు అవునన్నాడు, రెండోవాడు కాదన్నాడు. పోతూ పోతూ, నారాయణపట్నం జీపులు వాగు కల్వర్టు దగ్గర నెమ్మదిస్తాయా అని అడిగారు.

పోలీసులకి చెప్పొస్తానని వదిన చెప్పులేసుకుంది.

"మనకెందుకే? తప్పయితే ఎవరి పిల్లలో దెబ్బలు తింటారు. నిజంగా నక్సలైట్లయితే మన కొట్టుకి నిప్పెడతారు" అన్నాడు అన్న.

"రేపు ఆ జీపులో ఎల్లేది మీరేనండీ" అంది వదిన.

అన్న నవ్వేశాడు. నేను మాత్రం ఆవిడ వెంట పోలీసుల దగ్గరికెళ్లాను.

"ఆళ్లు సెడ్డోళ్లని నాననట్లేదు బాబూ, సూసింది సెప్తన్నాను" అంది వదిన, సగం ఒడియాలో సగం తెలుగులో. "ముందు రోడ్డు సూడండి. మనుషుల మీద సెయ్యి ఏసే పని ఆనక సూద్దురు."

మర్నాడు అన్న ఎక్కిన జీపుని పోలీసులు కల్వర్టుకి చాలా ఇవతలే ఆపేశారు. మధ్యాహ్నానికి, కల్వర్టు కింద దొరికిన, లోపలి పేలుడు మందు తీసేసిన క్యారేజీలు రోడ్డు పక్కన పెట్టారు. ఒక్కదాని మీదా పేరు లేదు. అవి మా కొట్టువని అన్నకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఇంటికొచ్చి ఉలి తీశాడు. మా ఇంట్లో చెంబు నుంచి బిందె దాకా అన్నిటి మీదా ఆయన పేరే. తను రోజూ అన్నం తినే క్యారేజీ ఒళ్లో పెట్టుకుని, తన పేరు పైన 'కృష్ణవేణమ్మ' అని చెక్కాడు. చివరి అక్షరం వంకరపోయింది.

వదిన ఉండబట్టలేకపోయింది.

"ఎవరి పెళ్లికేటండీ ఇది?"

అన్న ఏడ్చేశాడు.