దారం దూరిన నాజిల్

వాయువును సన్నగా చిమ్మే గొట్టం, నాజిల్, చేతికి రాగానే సూదక్క దాన్ని కిటికీ వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి చూసేది. ఇంట్లో గరాటు కనబడినా అంతే.

ఆమె పని ప్రయోగశాల వర్క్‌షాపులో, లేతు మిషను మీద. వెంట్రుక దూరేంత చిల్లు వేస్తుందని ఆ పేరు వచ్చింది. భర్త దర్జీ. "నేను చిల్లులు పూడుస్తా, ఈవిడ చిల్లులు పెడుతుంది. కాపురం సరికి సరి," అని బట్టలిచ్చేందుకు వచ్చినవాళ్లను నవ్వించేవాడు. ఆమె నవ్వేది కాదు.

ఆ ఏడాది ఆమె చేసిన నాజిల్ ఒక్కటీ పనికి రాలేదు. ఒత్తిడిలో ఉన్న ఆర్గాన్ వాయువు సన్నని చిల్లులోంచి శూన్యంలోకి దూకాలి. విచ్చుకుంటూ చల్లబడాలి. ఆ చలికి పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గుత్తులు కట్టాలి. కడితే అడ్డంగా వేసిన లేజరు వెలుగు అక్కడ మెరుస్తుంది. మెరవలేదు.

"ఇంకొక్కటి చూద్దాం సూదక్కా. కాకపోతే బయట కొనేస్తాం," అంది ప్రయోగశాల పెద్ద.

"నా చేతిలో పుట్టాల్సింది బయటెందుకు మేడమ్? ఎక్కడ చెడుతోందో చెప్పండి."

"చిల్లు దాటగానే పరమాణువులు చెల్లాచెదురైపోతున్నాయి. కలుసుకునే వ్యవధే లేదు."

తప్పు తనదేనని సూదక్కకు అర్థమైంది. లోపల నునుపు చేసే వీలుకోసం, చిల్లు దాటాక వాయువు విచ్చుకునే గరాటును పొట్టిగా, వెడల్పుగా తీసేది. పనిముట్టు ఆడేచోటే పని బాగుంటుందని గురువు నేర్పిన అలవాటు. ఈసారి వాయువు చెదరకుండా కాస్త దూరం కలిసి సాగేలా, పొడుగ్గా, సన్నగా తీసింది. ఇక లోపలికి ఏ పనిముట్టూ పోదు.

ఇంటికొచ్చి, "గట్టి దారం ఒకటివ్వు," అంది.

"ఏం, చిల్లులు కుట్టేస్తావా?"

"ముందు నీ నోరు కుడతా. ఇటివ్వు."

లోపల నునుపు చేసేందుకు దారానికి మెరుగు పేస్టు పూసి నాజిల్‌లో దూర్చింది. ఒక కొస ఆమె, ఒక కొస అతను పట్టుకుని అటూ ఇటూ లాగసాగారు. "ఇదేం కాపురమే!" అంటూనే చేతులు నొప్పెట్టేదాకా లాగాడు.

ప్రయోగం రోజు గదిలో దీపాలార్పి వాయువు వదిలారు. నాజిల్ ముందు ఆకుపచ్చని మెరుపు నిలిచింది. చెదరలేదు.

"రా సూదక్కా, ఇక్కడ నిలబడి చూడు," అంటూ మేడమ్ తన చోటు ఇచ్చింది. సూదక్క ఈసారి రెండు కళ్లూ తెరిచి చూసింది.

మర్నాడు పొద్దున ఆమె దర్జీ కొట్టుకు వెళ్లింది. లోపల జనం ఉన్నారు.

"ప్రయోగశాలకి దారం కావాలి. ఉన్నవాట్లో మంచిది," అంది అందరికీ వినబడేలా.

అతను కత్తెర కింద పెట్టి, కొత్త ఉండ తీసిచ్చాడు. ఆమె దారం కొస లాగి, వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసింది.