అవ్వ మోకాళ్లు, మేక తోలు

బి.ఫార్మసీ ఆఖరి ఏడాదికి వచ్చేసరికి, లోకంలో సగం జబ్బులు నా కోసమే ఎదురుచూస్తున్నాయని నమ్మేవాణ్ణి. ఆ రోజుల్లో, అంటే రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, హైదరాబాదులో చదివే కుర్రాడు బాన్సువాడలో బస్సు దిగితే చాలు, వాడలో సగం మంది నాలుక చాపి చూపించేవాళ్లు (నేను డాక్టరును కానని చెప్పడం నాకూ అంత ఇష్టం ఉండేది కాదు). కానీ నా చదువు నిజంగా అవసరమైంది ఒక్క మనిషికే, మా అవ్వకు. నాట్లు వేసీ వేసీ ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. నొప్పికి ఎర్ర గోలీలు మింగీ మింగీ కడుపులో పుండు పడి, ముందటేడు నెత్తురు కక్కుకుంది. "ఇంకోసారి గా గోలీల జోలికి పోతే మనిషి దక్కదు" అని డాక్టరు మా అమ్మతో తేల్చి చెప్పాడు.

అందుకే ప్రాజెక్టుకు నేను జెల్ ఎంచుకున్నాను. నొప్పి మందును నూనెలో కరిగించి, ఆ నూనెను నీళ్లలో సన్నటి బొట్లుగా చిలికి, మొత్తాన్ని చిక్కగా చేస్తే పైన రాసుకునే మందవుతుంది. చర్మంలోంచి దిగి కీలుకు చేరుతుంది, కడుపును పెద్దగా ఇబ్బంది పెట్టదు. చేయడం వచ్చింది కానీ, అది చర్మంలోంచి దిగుతుందో లేదో చూడాలంటే మేక పొట్ట మీది తోలు కావాలి, అదీ కాల్చకుండా. ఆదివారం పొద్దున్నే మా మటన్ దుకాణం అన్న దగ్గరికి వెళ్లి అడిగాను.

"తోలుతోని ఏం జేస్తవ్ రా? డప్పు గట్టుకుంటవా?"

"పరీక్ష చేయాల్నన్నా."

"సచ్చినంక దానికేం పరీక్షరా!" అన్నాడు. దుకాణం ముందు నిలబడ్డవాళ్లంతా నవ్వారు. నవ్వండి, రేపు మీ మోకాళ్లకూ నేనే దిక్కవుతానని మనసులో అనుకొని, తోలు తెచ్చి ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టి, స్నేహితుల దగ్గరికి పోయాను. తెల్లవారి దాన్ని పట్టుకొని బస్సెక్కాను. తీసినప్పుడు అది కొంచెం పచ్చగా ఉంది. కొవ్వు రంగనుకున్నాను (నాలుగేళ్లు చదివిన చదువు).

కాలేజీలో ఆ తోలును రెండు గాజు గిన్నెల మధ్య బిగించి, పైన నా జెల్ రాశాను. కింది గిన్నెలో నీళ్లలోకి మందు ఎంత దిగిందో చెప్పే యంత్రం ఒకటుంది. నీళ్లలోకి దిగినదేదైనా దానికి మందే. అంకెలు చూసి నా కళ్లు తిరిగాయి. బజార్లో దొరికే మందులేవీ నా జెల్ ముందు నిలవవు. మా సార్ మాత్రం, "ఇంకో రెండు తోళ్ల మీద చూడు" అన్నాడు. చూశాను. మందు దిగలేదు, దిగినా దిగనట్టే. ఆ రెండు తోళ్లూ బాగాలేవని రాసేశాను.

అలా రాయడానికి నాకు బలమైన కారణం ఉంది. అప్పటికే ఒక డబ్బా అవ్వకు ఇచ్చి వచ్చాను మరి. మొదట ఆమె దాన్ని చూసి మూతి విరిచింది. "మంట లేదేందిరా? మంట లేకుంటె మందెట్లైతది?" అంది. మోకాళ్లకు నేనే రాసి, పొద్దున లేవగానే ఆమె ముందు గొంతుక్కూర్చుని, "తగ్గిందా అవ్వా?" అని అడిగాను. ఆమె నా మొహం చూసింది. "తగ్గినట్టే ఉంది బిడ్డా" అంది. వారం తిరిగేసరికి యాసంగి నాట్లకు పోవడం మొదలుపెట్టింది. "నా మన్మడి మందు" అని కనిపించినవాళ్లందరికీ చెప్పింది. పక్కనే, ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల క్యాంపులో ఉండే పిన్నిగారు కూడా ఒక డబ్బా తీసుకెళ్లి, నాలుగు రోజులకు తిరిగి తెచ్చింది. "నాకేం తగ్గలేదు బాబూ, ఏమీ అనుకోకు" అంది. నేను నోరు తెరవకముందే అవ్వ లేచింది: "నీ మోకాళ్లే మంచియి గావు. మందుకేమైంది?"

నేను కాలరెగరేసుకొని కాలేజీకి పోయాను.

నెల దాటాక హాస్టల్‌కు ఫోను వచ్చింది. నేను చేరేసరికి అవ్వ దవాఖాన మంచం మీద ఉంది, మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమె వక్కల సంచిలో ఎర్ర గోలీల పట్టీలు దొరికాయని, సగం ఖాళీవని అమ్మ ఏడుస్తూ చెప్పింది. రోజూ నా జెల్ రాసుకొని, చాటుగా గోలీ మింగి, నాటుకు పోయేదట.

"ఎందుకట్ల జేసినవ్ అవ్వా?"

"ఏం జేయాల్రా. నా కాళ్ల ముంగట గూసొని, తగ్గిందా అవ్వా, తగ్గిందా అవ్వా అని అడుగుతుంటివి. లేదని ఎట్ల జెప్పాలె? చిన్నబుచ్చుకోవా?"

మూడో రోజు ఆమె పోయింది. అడిగినన్నిసార్లు అడిగాను గానీ, ఒక్కసారీ జవాబు వినలేదు. ఆ సిగ్గు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

పదకొండో రోజు బంధువుల కోసం మటన్ వచ్చింది. అమ్మ దాన్ని కడిగి, పసుపూ ఉప్పూ పట్టిస్తూ, "అవ్వుంటె ఈ పాటికి రాసి పెట్టేది. నీ తోలుకు గూడ ఆమెనే రాసింది గదరా. ఆ దినం పొద్దుగూకేదాక కరెంటు రాకపాయె, పోరగాని తోలు ఖరాబైతదని ఒకటే ఫికర్. కరెంటొచ్చినంక కడిగి మల్ల ఫ్రిజ్‌ల పెట్టింది" అంది. తోలు మీద నేను చూసిన పచ్చదనం కొవ్వుది కాదు, పసుపుది; యంత్రం మందని లెక్కపెట్టింది దాన్నే. నా మందు పనిచేసిందనడానికి నా దగ్గర ఉన్నవి రెండే రుజువులు. రెండూ అవ్వ చేతివే.

ఇప్పుడు నేనే పిల్లలకు పాఠాలు చెప్తున్నాను, ఇవే జెల్‌లు చేయిస్తున్నాను. ఎవరైనా గొప్ప అంకెలతో పరుగెత్తుకొస్తే, కాగితం పక్కన పెట్టి, ముందు ఆ తోలు తెమ్మని వాసన చూస్తాను. సార్‌కు కొంచెం తిక్క అని వెనక నవ్వుకుంటారు. నాకూ నవ్వొస్తుంది, అప్పటి ఆ కాలరు గుర్తొచ్చి. ఇన్నేళ్లలో ఒక్క తోలుకూ పసుపు వాసన రాలేదు. అయినా ప్రతిసారీ వస్తుందేమోనని చూస్తూనే ఉన్నాను.