వీధిగదిలో కంపెనీ

మధులతకి ఒళ్ళు మండించిన మాట తిట్టు కాదు. "అలాగేనండి" అన్న మాట. పోనీ ఆ మాట ఆవిడ అందా అంటే, లేదు. ఆవిడ తరఫున ఆవిడ మొగుడు అన్నాడు, ఆరేళ్ళపాటు.

తొంభై తొమ్మిదిలో రాజమండ్రిలోని అత్తవారింటి వీధిగదిలో రెండు కంప్యూటర్లు పెట్టి, మధులత రైసుమిల్లులకి లెక్కల సాఫ్ట్‌వేర్ రాయడం మొదలుపెట్టింది. ధాన్యం ఎంత దిగింది, బియ్యం ఎంత వచ్చింది, నూకలెన్ని, తవుడెంత, అన్నీ మీట నొక్కితే కనబడాలి. రామచంద్రపురంలో ఒక మిల్లువారు ధైర్యం చేసి వాడి, బాగుందన్నారు. ఆ నోటా ఈ నోటా పడి పేరు మండపేటకీ తణుక్కీ పాకింది. ప్రోగ్రాములు రాయడానికి హారతి అనే అమ్మాయి చేరింది, తర్వాత ఇంకొందరు చేరారు. వీధిగది చాలక సావిడి కూడా కంపెనీ అయిపోయింది.

పొరపాటు అక్కడే జరిగింది. కంపెనీ ఇంట్లో ఉండేసరికి వచ్చిన ప్రతివాడూ చుట్టమయ్యాడు. గుమ్మంలోకి వచ్చిన చుట్టాన్ని కాదని పంపడం ఈ జిల్లాల్లో ఎక్కడైనా ఉందా? కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే ఆవిడ మొగుడు శశిభూషణ్ సాయంత్రం రాగానే సావిట్లో పడక్కుర్చీలో కూర్చునేవాడు. మిల్లు యజమానులు తిన్నగా ఆయన దగ్గరికే వెళ్ళేవారు. కాఫీలు వచ్చేవి, పూతరేకులు వచ్చేవి. ఒకాయనకి క్వింటాళ్ళు వద్దు, అన్నీ బస్తాల్లోనే చూపించాలి. ఇంకొకాయన లెక్కలు వాళ్ళ తమ్ముడికి కనబడకూడదు. మరొకాయనకి ప్రతి బిల్లు మీదా కాలం చేసిన నాన్నగారి ఫోటో రావాలి. "అలాగేనండి, అదెంత పని" అనేవాడు శశిభూషణ్. ఆయనకి మౌస్ పట్టుకోవడం రాదు. అదెంత పనో తెలిసిన మనిషి పక్కగదిలో కూర్చుని పళ్ళు కొరుక్కునేది. వచ్చినవాడు ఆవిడ వైపు చూస్తే ఒట్టు. చూశాడంటే ఖాళీ గ్లాసు అందించడానికే.

ముందు తనని అడిగి మాటివ్వమని ఎన్నోసార్లు చెప్పింది. వచ్చిన మనిషి ఎదురుగా పెళ్ళాన్ని అడగడం ఏం బాగుంటుందని ఆయన వాదన. ఆయన మర్యాదస్తుడు, కాదనం. ఆ మర్యాదకి చాకిరీ చేసిందెవరు? ఒక్క ప్రోగ్రాం కాస్తా మిల్లుకొకటి అయి కూర్చుంది. ఒకచోట దిద్దిన తప్పు ఇంకోచోట అలాగే ఉండేది.

రెండువేల ఐదులో సేల్స్ టాక్స్ పోయి వ్యాట్ వచ్చింది. ఏప్రిల్ ఒకటికల్లా బిల్లులు మారకపోతే మిల్లు గేటులోంచి లారీ కదలదు, కంపెనీ పరువు దక్కదు. ప్రోగ్రాం ఒక్కటే అయితే ఒకసారి దిద్ది అందరికీ ఇచ్చేవారు. ఇప్పుడు ప్రతి మిల్లుదీ విడివిడిగా విప్పుకోవాలి. పనిచేసేవాళ్ళలో ఒకతను చెప్పకుండా హైదరాబాదు వెళ్ళిపోయాడు. హారతి కూడా కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇక నావల్ల కాదండి అనేసింది.

సరిగ్గా ఆ వారంలోనే సత్తిరాజు వచ్చాడు. ఉన్న ఖాతాదారుల్లోకెల్లా పెద్ద మిల్లు ఆయనది. కొత్తగా కొబ్బరికాయల వ్యాపారం పెట్టాడట, ఆ లెక్కలు కూడా ఇందులోనే, ఏప్రిల్ ఒకటికే కావాలట. శశిభూషణ్ పూతరేకుల పళ్ళెం జరిపి, అలాగేనండి అన్నాడు.

మధులత లేచి సావిట్లోకి వచ్చింది. "సత్తిరాజు గారూ, కుదరదండి."

ఆ పెద్దమనిషి ఆవిడకి జవాబే ఇవ్వలేదు. "ఏంటండి మాస్టారూ, చెల్లెమ్మగారు అలా అంటన్నారు?" అన్నాడు శశిభూషణ్‌తో.

"పని ఒత్తిడండి. అయిపోద్ది లెండి."

మధులత లోపలికి వెళ్ళి తన కుర్చీ వెనక్కి లాగి పట్టుకుంది. "రండి. మాటిచ్చింది మీరు కదా, మీరే రాయండి" అంది.

శశిభూషణ్ నవ్వుతూ వచ్చి కూర్చున్నాడు. తెరనిండా అక్షరాలు. కీబోర్డు మీద చేతులు పెట్టాడు, తీశాడు. చుట్టూ ఎవరూ నవ్వలేదు. కాసేపటికి ఆయన నవ్వు కూడా ఆగిపోయింది. "లేవనా?" అని ఆవిడనే అడిగాడు.

గుమ్మంలో కాఫీ గ్లాసుతో నిలబడ్డ సత్తిరాజుకి అప్పుడు ఆవిడ కనబడింది. మరి ఎప్పటికవుద్దండి అని అడిగాడు.

"కొబ్బరికాయలది అవదండి. బియ్యం బిల్లు ఒకటో తారీకుకి ఇస్తాను. మీకైనా ఎవరికైనా ఒకటే ప్రోగ్రాం. బస్తాలుండవు, ఫోటోలుండవు."

సత్తిరాజు కాఫీ సగంలో వదిలేసి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఆయన వెనకే ఇంకొందరు పోయారు. మిగిలినవాళ్ళు సణుక్కుంటూనే ఆ ఒక్క ప్రోగ్రాంకే అలవాటుపడ్డారు. ఏప్రిల్ ఒకటిన వాళ్ళ లారీలు కదిలాయి. హారతి మానలేదు.

ఆ ఎండాకాలంలోనే మధులత కంపెనీని మెయిన్ రోడ్డులో ఒక మేడ మీదికి మార్చింది. అక్కడ పడక్కుర్చీ లేదు. ఒకనాడు శశిభూషణ్ అక్కడికి వచ్చినప్పుడు, పాత ఖాతాదారు ఒకాయన బస్తాల లెక్క మళ్ళీ పెట్టించమని బతిమాలాడు, మాస్టారూ మీరైనా చెప్పండని.

"నన్నడక్కండి. నాకు రాయడం రాదు" అన్నాడు శశిభూషణ్.

హారతి సంబరపడింది. మధులత తెరమీద నుంచి తల తిప్పలేదు. ఆ ముక్క చెప్పడానికి ఈయనకి ఆరేళ్ళు పట్టిందా అని ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.